పాత బోల్టు రైఫిల్‌ను మళ్లీ బయటికి తీసే ముందు

పోయిన వేట కాలం చివరి వారంలో నాకు తెలిసిన ఒక వేటగాడి తొడను తూటా చీల్చుకుంటూ పోయింది. మనిషి బతికాడు. ముందురోజు చీకటి పడ్డాక అతను మ్యాగజైన్ (తూటాలు నిలవ ఉండే పెట్టె) అడుగు మూత తెరిచి, అరచేతిలోకి రాలిన తూటాలను జేబులో వేసుకుని, రైఫిల్ ఖాళీ అయిందన్న నమ్మకంతో దాన్ని సంచిలో పెట్టాడు. తెల్లవారి దాని గొట్టం మూతి పట్టుకుని బయటికి లాగుతుండగా అది పేలింది. ఖాళీ అయింది మ్యాగజైన్ మాత్రమే. ఛాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గొట్టం వెనుక కొసలో, ఒక తూటా మిగిలే ఉంది.

అందరికీ తెలిసిన నియమాలను ఇక్కడ మళ్లీ రాయను. ఇన్నేళ్లలో నేను చూసిన ప్రమాదాలలో ఎక్కువ భాగానికి మూలం ఆ మిగిలిపోయిన తూటాయే.

నేను మోసేది వించెస్టర్ మోడల్ 70. 1936లో వచ్చిన ఈ రైఫిల్ నిర్మాణాన్ని 1964లో మార్చారు. నాది అంతకు ముందుది, దాని మీద నాకున్న మమకారం ఈ వయసులో ఇక తగ్గేది కాదు. ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే, చేత్తో ముందుకూ వెనక్కూ జరిపే ఉక్కు కడ్డీయే బోల్టు. దాని వెనుక ఉండే సేఫ్టీకి (పేలకుండా ఆపే మీట) మూడు స్థానాలు ఉంటాయి. నడిమి స్థానంలో ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) బిగిసే ఉంటుంది, బోల్టు మాత్రం తెరుచుకుంటుంది. కాబట్టి తూటాలను ఎప్పుడూ ఆ స్థానంలోనే తీయాలి. కొన్ని పాత రైఫిళ్లలో ఈ సౌకర్యం లేదు, సేఫ్టీ తీస్తే తప్ప బోల్టు కదలదు. అలాంటి వాటిని ఖాళీ చేసేటప్పుడు మూతి ఎటు ఉందన్నదే మీ ప్రాణం.

బోల్టు తెరిచినా ఏమీ బయటికి రాలేదంటే ఛాంబర్ ఖాళీ అని అర్థం కాదు. తూటా అంచును పట్టి వెనక్కి లాగే కొక్కెం అరిగినా, దాని కొస విరిగినా, బోల్టు ఒక్కటే వెనక్కి వస్తుంది, తూటా లోపలే నిలిచిపోతుంది. చీకట్లో అది కంటికి కనబడదు. అందుకే చిటికెన వేలు లోపలికి పెట్టి చూడండి: ఖాళీ ఛాంబర్ అయితే వేలికి చల్లని ఉక్కు అంచు, దాని వెనుక బోలు తగులుతాయి, తూటా ఉంటే వేలు ఇత్తడి దగ్గరే ఆగిపోతుంది.

తూటాను చేత్తో నేరుగా ఛాంబర్‌లో వేసి బోల్టును బలవంతంగా మూయకండి, కొక్కెం విరిగేది అలాగే. ఎప్పుడూ మ్యాగజైన్ నుంచే ఎక్కించండి. బోల్టులోని పాత నూనెను పూర్తిగా తుడిచేయండి, చలికి అది చిక్కబడి ఫైరింగ్ పిన్‌ను మందగింపజేస్తుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని గురి వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. మొదటి తూటాకు ముందు బోల్టు తీసి గొట్టంలోంచి వెలుగు చూడండి; మరిచిపోయిన గుడ్డ ముక్క, కాస్త మట్టి, కాస్త మంచు చాలు గొట్టం పగలడానికి. మరో రైఫిల్ బోల్టును దీనిలో పెట్టవద్దు. .308, .30-06 అనే రెండు వేర్వేరు రకాల తూటాలను ఒకే జేబులో వేయవద్దు. కంచె దాటే ముందు ఖాళీ చేయండి, వేలు పెట్టి చూడండి. మంచె మీదికి తాడుతో లాగే ముందు ఖాళీ చేయండి, వేలు పెట్టి చూడండి. సంచిలో పెట్టే ముందు వేలు పెట్టి చూడండి. మూతి పట్టుకుని లాగవద్దు, ఎన్నడూ లాగవద్దు. పక్కనున్నవారు ఖాళీయే అంటూ అందిస్తే, బోల్టు తెరిచి ఇమ్మని అడగండి. ఇచ్చాక మీ వేలితో మీరే మళ్లీ చూసుకోండి.