పాత మిలిటరీ బండికి బ్రేకులు, హబ్ బేరింగులు ఇంటి దగ్గరే చేసుకోవడం

మాది నిస్సాన్ వన్ టన్. జపాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో మిలిటరీ కోసం తయారైన బండి, వేలంలో చేతులు మారి మారి సింగరాయకొండ దగ్గర మా రొయ్యల చెరువుల మీదికి మేత బస్తాలు మోయడానికి వచ్చింది. శక్తిమాన్, జోంగా లాంటి వేరే పాత మిలిటరీ బండ్లు ఉన్నవాళ్లు ఇందులో పద్ధతి వరకు తీసుకోండి, కొలతలు మాత్రం మీ బండి పుస్తకంలోవే చూసుకోండి.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. బ్రేకు కొడితే బండి కుడికి లాగేది. డ్రమ్ము ఊడదీస్తే ఎడమ వెనక చక్రం లైనర్లు (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పట్టీలు) గేర్ ఆయిల్‌లో నానిపోయి ఉన్నాయి. కొత్త లైనర్లు కొట్టించి, ఆయిల్ సీలు మార్చి, పని అయిపోయిందనుకున్నా. ఇరవై రోజులకి మళ్లీ అదే కథ. తీరా చూస్తే యాక్సిల్ పైన లోపలి గాలి పోవడానికి ఉండే బ్రీదర్, బొటనవేలంత ముక్క, చెరువు బురద ఎండి మూసుకుపోయింది. యాక్సిల్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక ఆయిల్‌ని సీలు మీదుగా బయటికి తోస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే బ్రీదర్ విప్పి కడిగి, నోటితో ఊది చూడండి. బేరింగ్ లూజుగా ఉన్నా అంతే, హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం) ఊగి సీలు పాడవుతుంది. కాబట్టి బ్రేకులూ బేరింగులూ వేర్వేరు పనులు కావు, హబ్బు విప్పినప్పుడు రెండూ చూడాల్సిందే.

బండి గట్టి నేల మీద పెట్టి, ఎత్తని చక్రాలకి ముందూ వెనకా అడ్డం వేయండి. జాకీ ఎత్తడానికే, దాని మీద బండిని నిలబెట్టి కింద దూరకండి. యాక్సిల్ కింద తుమ్మ మొద్దులు గానీ స్టాండ్లు గానీ పెట్టాలి. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు మనకి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి గానీ నున్నటి రాయి మీద ఇనుము జారుతుంది, వాటి జోలికి పోవద్దు. ఇంకో ప్రాణం మీది సంగతి: మిలిటరీ రిమ్ములు కొన్ని రెండు ముక్కలుగా ఉంటాయి, ఆ ముక్కల్ని కలిపి పట్టుకునే నట్లు వేరు, చక్రాన్ని హబ్బుకి బిగించే నట్లు వేరు. టైర్లో గాలి ఉండగా మొదటివి విప్పితే రిమ్ము బాంబులా పేలుతుంది. ఏ నట్టు ఏదో తేల్చుకునేదాకా పానా ముట్టుకోకండి, అనుమానం ఉంటే వాల్వ్ పిన్ను తీసి గాలంతా వదిలేయండి. ఎడమ పక్క నట్లు తిరగకపోతే పైపు తగిలించి బలం చూపించే ముందు స్టడ్డు మీద 'ఎల్' అక్షరం ఉందేమో చూడండి, ఆ మర మనం అలవాటుగా బిగించే వైపుకి తిప్పితేనే ఊడుతుంది.

చక్రం విప్పకముందే పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట, అంటే లూజు, కనిపిస్తే ఒకర్ని బ్రేకు తొక్కమనండి. అప్పుడు ఆట పోతే అది బేరింగ్‌ది, ముందు చక్రానికి ఇంకా ఉంటే కింగ్ పిన్‌ది, అంటే స్టీరింగుతో చక్రం తిరిగే ఇరుసు పిన్నుది.

వెనక హబ్బుకి ఫ్లాంజ్ బోల్టులు తీసి యాక్సిల్ షాఫ్టు లాగితే కొంచెం ఆయిల్ కారుతుంది, కింద పాత పళ్లెం పెట్టుకోండి. లోపల లాక్ నట్టు, మడిచిన లాక్ వాషరు, దాని వెనక ఇంకో నట్టు. ఉలి పెట్టి సుత్తితో కొట్టకండి. సరైన బాక్స్ పానా దొరక్కపోతే కొలతకి పైపు కోసి చేయించుకోవచ్చు, వెల్డింగ్ షాపులో అరపూట పని. డ్రమ్ములో దుమ్ము కంప్రెసర్‌తో ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడవండి.

బేరింగుల్ని కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి వెలుగులో చూడండి. నీలి రంగు, గుంటలు, కప్పు (హబ్బులో కూర్చునే బేరింగ్ బయటి రింగు) మీద గీతలు ఉంటే కప్పుతో సహా మార్చాలి, నంబరు దాని ముఖం మీదే ఉంటుంది. కొత్త కప్పు రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, హబ్బుని ఎండలో పడేయండి. రోళ్లు పగిలే రోహిణి కార్తె మనకి పనికొచ్చేది ఇక్కడే. ఇత్తడి కడ్డీతో చుట్టూ కొడుతూ దించితే, అడుగుకి చేరగానే చప్పుడు మొద్దు నుంచి గట్టిగా మారుతుంది. గ్రీజు పైన పూస్తే చాలదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, రోలర్ల అవతలి వైపు నుంచి బయటికి వచ్చేదాకా బేరింగ్ అంచుని అందులోకి నొక్కాలి. పాత గ్రీజు అంతా తుడిచాకే కొత్తది, రెండు రకాలు కలపకూడదు.

బిగించేటప్పుడు హబ్బు తిప్పుతూ లోపలి నట్టు బిగపట్టేదాకా బిగించి, ఆరో వంతు నుంచి పావు తిప్పు దాకా వెనక్కి వదలండి. లాక్ నట్టు బిగించాక మళ్లీ తిప్పి చూడండి, ఒక్కోసారి అదే లోపలి దాన్ని నొక్కేస్తుంది. వాషరు మడవడం మర్చిపోవద్దు.

లైనర్ రివెట్టు తలకి 1 మిల్లీమీటరు దగ్గరికి అరిగినా, ఆయిల్ పీల్చినా తీసేయడమే, పెట్రోలుతో కడిగి వాడుకుందామనేది పిసినారి తెలివి. ఒక యాక్సిల్‌కి రెండు పక్కలా మార్చాలి. నేను షూలు, అంటే లైనర్లు బిగించే ఇనుప చట్రాలు, ఒంగోలు తీసుకెళ్లి కొట్టించా. వీల్ సిలిండర్ (షూలని డ్రమ్ము మీదికి తోసేది) లోపల గోరుకి తగిలే గుంటలుంటే సిలిండరే మార్చండి. దాని లోపలి రబ్బరు కప్పులకి డీజిలు, పెట్రోలు, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బుతాయి, బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. ఆ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 140కే మరగవచ్చు. కాబట్టి సగం వాడి మూత పెట్టిన పాత డబ్బా వద్దు. సిలికాన్ రకం బ్రేక్ ఆయిల్‌ని దీంతో అసలు కలపకండి.

షూలు డ్రమ్ముకి రాసుకునేదాకా అడ్జస్ట్ చేసి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వదలండి. బ్రేకు పైపుల్లో గాలి తీయడం, పెడల్ తొక్కితే ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. పెడల్ దగ్గర ఒకరు, చక్రం దగ్గర ఒకరు ఉండాలి, మా దగ్గర పెడల్ మీద మా బావ. "తొక్కు బావా", "పట్టుకో", చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు, బిగించు, "ఇప్పుడొదులు". బిగించకముందే బావ కాలు తీస్తే మళ్లీ మొదటికే. ఈ పాత బండ్లకి చాలావాటిలో నాలుగు చక్రాలకీ ఒకటే సర్క్యూట్, ఒక్క పైపు కారినా పెడల్ నేలకి దిగిపోతుంది. అందుకే గట్టిగా తొక్కిపట్టి ప్రతి జాయింటూ వేలితో తడిమి చూడండి.

ముందు ఖాళీ కట్ట మీద నెమ్మదిగా నడిపి బ్రేకు చూడండి. తర్వాత పది కిలోమీటర్లు, బ్రేకు తక్కువ వాడుతూ వెళ్లి, ఆపి ప్రతి హబ్బు దగ్గరా చేతి వెనక భాగం ఆనించండి. ఒకటి మాత్రం కాలుతుంటే ఆ నట్టు బిగుతైనా ఉంది, షూ అయినా రాసుకుంటోంది, మళ్లీ విప్పాల్సిందే. 50 కిలోమీటర్లకి చక్రం నట్లు ఇంకోసారి బిగించండి. ఒక్క విషయం, వేడి హబ్బుతో తిన్నగా ఉప్పునీళ్లలోకి దించకండి. చల్లబడుతూ లోపలి గాలి ముడుచుకుని సీలు సందులోంచి నీళ్లు లాక్కుంటుంది. నేనైతే ఇప్పుడు గట్టు మీద అరగంట ఆపి, టీ తాగి దించుతున్నా.