మృగశిర కార్తెకు ముందే బావోబాబ్ మొక్క సంగతి చూసుకోండి

మా డాబా మీద పెంచిన మొదటి బావోబాబ్ మొక్క జులైలో పోయింది. వరసగా నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆకులు పసుపు రంగుకు తిరుగుతుంటే నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకో చెంబు పోశాను. రెండు రోజుల తర్వాత మొదలు దగ్గర వేలితో నొక్కితే, మిగలపండిన అరటిపండులా లోపలికి దిగిపోయింది. పీకి చూస్తే ముల్లంగిలా గట్టిగా, తెల్లగా ఉండాల్సిన వేరు గోధుమరంగు గుజ్జయిపోయి ఉంది. పుల్లటి కంపు.

ఇది ఆఫ్రికా మెట్టప్రాంతాల చెట్టు. అక్కడ నెలల తరబడి వాన ఉండదు. అందుకే వచ్చిన నీటిని కాండంలో, వేరులో దాచుకుని, ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుంది. గోల్కొండ నయా ఖిల్లాలోని ‘హాతియాన్ కా ఝాడ్’ ఈ జాతిదే. దాని మొదలు చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు. మన ఎండలు, మన వానలు తట్టుకునే అది వందల ఏళ్లుగా నిలబడింది. కానీ కుండీలో ఉన్న రెండేళ్ల మొక్కకు అంత శక్తి ఉండదు. దానికి వానాకాలమే గండం.

కాబట్టి రోహిణి కార్తెలోనే పని మొదలుపెట్టండి. ముందుగా కుండీ అడుగు చూడండి. రంధ్రాలు వేళ్లతోనో మట్టితోనో మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరవండి. కుండీ కింద ప్లేటు ఉంటే తీసేసి, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క నల్ల బంకమట్టిలో ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. సగం గరుకు ఇసుక, మిగతా సగం ఎర్రమట్టి, పైన గుప్పెడు వర్మీకంపోస్ట్ కలిపి అందులోకి మార్చండి. మొక్క కంటే మరీ పెద్ద కుండీ వద్దు. వేళ్లు చేరని మట్టిలో తడి అలాగే నిలిచిపోతుంది. మార్చేటప్పుడు తల్లివేరుకు గాయమైతే వారం రోజులు నీళ్లు పోయకండి.

ముసురు పట్టినప్పుడు కుండీని సన్‌షేడ్ కిందకు జరపండి, అంతే. గదిలోకి తెచ్చి పెడితే వెలుతురు లేక కాండం సన్నగా సాగిపోతుంది. ఇక నీళ్లు ఎప్పుడు పోయాలి అంటే, వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించినా తడి తగలనప్పుడే. ఆకు పసుపు రంగుకు తిరిగిందని చెంబు పట్టుకోకండి, ముందు మొదలు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు.

నేలలో నాటేవాళ్లు మన అలవాటు ప్రకారం చుట్టూ పాదు చేస్తారు. దీనికి పాదు వద్దు. అడుగు ఎత్తు మట్టిదిబ్బ పోసి, దాని మీద నాటండి. రేగడి నేల అయితే నాటకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇంటికి, కాంపౌండ్ గోడకు, సెప్టిక్ ట్యాంకుకు కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. ఇప్పుడు చిటికెన వేలంత ఉన్న మొక్కే మీ మనవల కాలానికి గోడను తోసేస్తుంది. అంత చోటు లేకపోతే కుండీలోనే ఉంచండి, బోన్సాయ్‌గా చక్కగా ఒదుగుతుంది.

విత్తనం వేసేవాళ్లకు ఒక మాట. పెంకు చాలా గట్టిది, గరుకు కాగితంతో ఒక పక్క రుద్ది, ఒక రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. లేత మొలకలు జోరువానలో మొదలు కుళ్లి ఒక్క రాత్రిలో వాలిపోతాయి, వాటిని మాత్రం పూర్తిగా వాన తగలని చోట పెట్టండి.

చలికాలంలో ఆకులన్నీ రాలితే మొక్క చచ్చిందని పారేయకండి. అది నిద్ర. వేసవిలో చిగురు కనిపించేదాకా నీళ్లు దాదాపు ఆపేయండి. మంచు కురిసే దేశాల్లో ఉన్న మనవాళ్లు కుండీని ఇంట్లోకి తెచ్చుకోవాల్సిందే, గడ్డకట్టే చలికి లేత మొక్క బతకదు.

ఇంత చేసినా మొదలు మెత్తబడితే వెంటనే పీకి, పదునైన కత్తితో తెల్లటి కండ కనిపించేదాకా కుళ్లిన భాగం కోసేయండి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవండి. నీడలో, గాలి ఆడేచోట కోత ఎండి గట్టిపడేదాకా వారం పది రోజులు ఉంచి, పొడి ఇసుకలో నిలబెట్టండి. నా రెండో మొక్కకు పోయినేడు ఇదే చేశాను. వేరు సగం పోయింది. అయినా నలభై రోజులకు కొమ్మ చివర ఒక పచ్చటి చుక్క కనిపించింది.