మందు ట్యాంకు కడిగిన నీళ్లు – మూడో పాఠం: బయోబెడ్

పోయిన పాఠంలో బొగ్గు ఫిల్టరు చూశాం. నీళ్లలో కలిసిన పురుగుమందును బొగ్గు పట్టుకుంటుంది, నిజమే. కానీ నిండిపోయాక ఆ బొగ్గునెక్కడ పారెయ్యాలన్న తలనొప్పి మనకే మిగులుతుంది. అందుకే ఈసారి మందును బోరు దగ్గరే ఆపుదాం. మందు కలిపేదీ, స్ప్రేయర్ కడిగేదీ అక్కడే కదా.

ముందో చిన్న లెక్క. మనం కొనుక్కునే సీసా నీళ్లలో ఏ ఒక్క పురుగుమందూ లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాటకూడదు. అంటే ఒక్క గ్రాము మందు చాలు, కోటి లీటర్ల నీళ్లను ఆ హద్దు దాకా తెచ్చేస్తుంది. 2023లో మన దేశంలో నిషేధించిన 36 శాతం మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందులో గ్రాము అసలు మందు ఉండేది 3 మిల్లీలీటర్ల లోపే. సీసా అడుగున మనం పట్టించుకోకుండా వదిలేసేంత!

అందుకని ఖాళీ సీసాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, చేను మీదే కొట్టెయ్యండి. ఇక మిగిలేది ట్యాంకు కడిగిన నీళ్లు. బయోబెడ్, అంటే గడ్డీ మట్టీ కలిపి నింపి మందును విరగ్గొట్టే గుంట, వాటి కోసమే.

ఇది 1993లో స్వీడన్‌లో మొదలైంది. కొలత సులువు: గడ్డి రెండు పాళ్లు, పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థం) ఒకటి, పైమట్టి ఒకటి. మన దగ్గర పీట్ దొరకదు కాబట్టి మాగిన కొబ్బరి పొట్టు వాడుకోవచ్చు. ఎనిమిది తట్టలు తరిగిన వరిగడ్డికి నాలుగు తట్టల పొట్టు, నాలుగు తట్టల చేని మట్టి.

గడ్డే ఎందుకు? గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను కొన్ని బూజులు తింటాయి. అందుకవి వదిలే ఎంజైములు లిగ్నిన్‌తోనే ఆగవు, దగ్గరికొచ్చిన మందు అణువులనూ విరగ్గొడతాయి. పొట్టు తడిని నిలిపి, మందును తనకు అంటించుకుని, బూజుకు టైమిస్తుంది. మట్టిలోంచి బ్యాక్టీరియా వస్తుంది. గడ్డి తగ్గిస్తే ఇది ఉత్త మట్టి గుంటే.

బోరుకు దూరంగా, మెరక మీద రెండడుగుల లోతు గుంట తవ్వండి. అడుగున చిల్లుల్లేని టార్పాలిన్ పరిచి మిశ్రమం నింపి, నెలన్నర మాగనివ్వండి. పైన పచ్చగడ్డి పెంచండి. దాన్ని పశువులకు మాత్రం వెయ్యకూడదు.

తడి సంగతి జాగ్రత్త. పిడికెడు తీసి పిండితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. నా మొదటి గుంటకు పైకప్పు వెయ్యలేదు. శ్రావణంలో వానకు నిండి, గాలాడక, మురుగుకాలవ కంపు కొట్టింది. బూజుకు గాలి కావాలి. తర్వాత నాలుగు రేకులు వేశాను, పీడ వదిలింది.

బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) కడిగిన నీళ్లు ఇందులో పొయ్యొద్దు. రాగి లోహం, దాన్ని ఏ బూజూ విరగ్గొట్టలేదు, గుంటలోనే పేరుకుపోతుంది.

ఏటా మిశ్రమం కుంగుతుంది, పైన కొత్తది కలపాలి. కొన్నేళ్లకు మొత్తం తీసి, విడిగా కుప్పవేసి ఇంకో ఏడాది మాగబెట్టాలి.

వచ్చే పాఠం ఎండోసల్ఫాన్ లాంటి మొండి మందులు దిగిన పాత చేల గురించి. ఈలోపు మీ స్ప్రేయర్ ఒకసారి కడగడానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయో కొలిచి రాసిపెట్టుకోండి. గుంట ఎంత పెద్దది కావాలో ఆ అంకెను బట్టే తేలుతుంది.