సిరిమానుకి ఏడీహెచ్‌డీ పిల్లాణ్ణి తీసుకెళ్లే ముందు

సిరిమాను అంటే పైడితల్లమ్మ పండక్కి పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను. ఆ రోజు, దసరా వెళ్లిన మంగళవారం, విజయనగరంలో కాలు పెట్టే చోటుండదు. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) ఉన్న పిల్లాడితో బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– పండగ కదా అని మాత్ర మానిపించొద్దు, డాక్టర్ చెబితే తప్ప. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడే పిల్లల్లో చాలామందికి ఆకలి తగ్గుతుంది. టిఫిన్ కడుపునిండా పెట్టి అప్పుడు వేయండి.

– ఫోన్ నంబరు ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాయండి. జేబులో చీటీ పెడితే మావాడు పది నిమిషాల్లో నమిలేశాడు!

– "బుద్ధిగా ఉండు" అంటే వాడికి ఏం చేయాలో తెలీదు. కళ్లలోకి చూసి "నా చెయ్యి వదలకు" అని ఒక్క మాటే చెప్పండి. వాడి నోటితో తిరిగి చెప్పించండి. జనంలోకి వెళ్లాక మళ్లీ ఒకసారి.

– తప్పిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఖాకీ డ్రస్సు పోలీసుని చూపించి చెప్పండి.

– సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఒక్కసారి చూసి వచ్చేయండి.