మోటారన్నాక మోటారే రాయండి

కోయంబత్తూరులో తయారయ్యే పంపుసెట్లకు తెలుగు మాన్యువళ్లు రాయడం నా పని. రాసిన మాటే మళ్లీ రాయకూడదని బడిలో నేర్పింది పట్టుకుని, కొత్తలో ఒక పేజీలో 'మోటారు', ఇంకో పేజీలో 'పంపు', మరోచోట 'యంత్రం' అని రాశాను. అది బోరు నీళ్లలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ సెట్టు. బోరులోకి దించేముందు మోటారు ప్లగ్గు విప్పి శుభ్రమైన నీళ్లు నింపాలి, లోపలి బేరింగులకు ఆ నీళ్లే కందెన. నేనేమో 'పంపులో నీళ్లు నింపండి' అన్నాను. మెకానిక్ పంపు మూతిలో బిందెడు నీళ్లు పోసి, మోటారును ఎండుగానే దించేశాడు. రెండు రోజుల్లో కాలిపోయింది. అతను చదివినట్టే చేశాడు పాపం.

అప్పట్నుంచీ రాయడానికి ముందే భాగాల బొమ్మ పెట్టుకుని నోటుబుక్కులో మూడు గళ్లు గీస్తున్నాను: బొమ్మలో నంబరు, వాడే మాట, వాడకూడని మాటలు. మీరు ఏది ఎగ్గొట్టినా మూడో గడి మాత్రం నింపండి.

మాట తేలకపోతే బోరు మెకానిక్‌ని అడగండి. నాకు మా బాబాయి ఉన్నాడు. కరెంటు మితిమీరితే మోటారును ఆపే భాగాన్ని 'అధికభార నివారిణి' అని రాసి చదివి వినిపిస్తే, "అదేం మందురా? ఓవర్‌లోడ్ రిలే అను" అన్నాడు. అయితే ఆయన నోట కూడా మొత్తం సెట్టు 'మోటారే'. అందుకే మొదటి పేజీలోనే బొమ్మ వేసి తేల్చేస్తాను: కిందిది మోటారు, పైది పంపు, రెండూ కలిపి సెట్టు.

వస్తువుల పేర్లకన్నా పనుల పేర్లతో ఎక్కువ ప్రమాదం. స్టార్టరు మీద ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగుతుంది, కానీ స్టార్టరులోకి వచ్చే తీగల్లో 415 వోల్టుల కరెంటు అలాగే ఉంటుంది. అందుకని నా మాన్యువల్లో 'ఆపండి' అంటే ఎర్ర బటన్ మాత్రమే. 'కరెంటు తీసేయండి' అంటే మెయిన్ దించి ఫ్యూజులు పీకడం. 'ఆఫ్ చేయండి' మూడో గడిలో ఉంది, ఎక్కడా కనబడదు.

నాగలిని రాయలసీమలో మడక అన్నట్టు, ఊరు మారితే పేరూ మారచ్చు. రెండో పేరుంటే మొదటి పేజీలో ఒక్కసారి చెప్పి వదిలేయండి.

అంతా అయ్యాక మూడో గడిలోని మాటలన్నీ ఫైల్లో వెతకండి. విభక్తులు తగిలి మాట రూపం మారుతుంది కాబట్టి మొదటి రెండక్షరాలే కొట్టండి. మొన్న 'మోట' అని వెతికితే మోటారు, మోటార్, మోటరు మూడూ దొరికాయి. ముగ్గురు రాసింది కూడా కాదు, మూడూ నావే.