విద్యుత్ సరఫరా పాఠాలు – 4: ఓల్టేజి దించి కరెంటు పెంచుకోవడం

గత పాఠంలో 12 ఓల్టుల బ్యాటరీకి, ఓల్టేజిని 5 దగ్గర నిలిపే 7805 ఐసీ తగిలించి 5 ఓల్టులు రాబట్టాము. ఆ ఐసీ మీద వేలు పెట్టి చూసినవారు వెంటనే వెనక్కి తీసుకునే ఉంటారు. లోడు, అంటే కరెంటు వాడుకునే పరికరం, 1 ఆంపియరు తీసుకుంటే బ్యాటరీ కూడా 1 ఆంపియరే ఇస్తుంది, మిగిలిన 7 ఓల్టులు 7 వాట్ల వేడిగా హీట్ సింకులోకి పోతాయి. అంటే అక్కడ ఓల్టేజి దిగిందే తప్ప కరెంటు పెరగలేదు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు కొండ ఊళ్లలో చిన్న సోలార్ ప్యానెలు, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద ఫోన్లు ఛార్జి చేసుకునేవారికి ఈ నష్టం చిన్నది కాదు.

దీనికి విరుగుడు బక్ కన్వర్టరు. బజారులో ఒడియాలో అడిగినా, తెలుగులో అడిగినా ఎల్‌ఎం2596 మాడ్యూలు అంటే తీసి ఇస్తారు. అందులోని స్విచ్చు సెకనుకు సుమారు 1,50,000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. స్విచ్చు మూసి ఉన్నంతసేపు బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు కాయిలు గుండా లోడుకు వెళుతూ, కాయిలులో కొంత శక్తిని నిలవ చేస్తుంది. స్విచ్చు తెరుచుకున్నాక బ్యాటరీ నుంచి ఏమీ రాదు. అయినా, తొక్కడం మానిన తరువాత కూడా కుట్టుమిషను చక్రం తిరిగినట్టు, కాయిలు తన కరెంటును ఆపనివ్వక కరెంటును ఒకే దిశలో పోనిచ్చే షాట్కీ డయోడు దారిన లోడుకు నడిపిస్తూనే ఉంటుంది. అసలు కిటుకంతా ఈ డయోడు దారిలోనే ఉంది. లోడుకు 2 ఆంపియర్లు ఎడతెగకుండా అందుతుండగా, బ్యాటరీ మాత్రం మొత్తం కాలంలో 12కి 5 వంతులు మాత్రమే పనిచేస్తుంది కనుక, నష్టమే లేకపోతే దాని సగటు 0.83 ఆంపియరు, 80 శాతం సామర్థ్యం లెక్కన 1.04 ఆంపియరు.

కరెంటు పెరిగింది కదా అని శక్తి పెరిగిందనుకోకూడదు. ఇచ్చేది 10 వాట్లు, తీసుకునేది 12.5 వాట్లు.

ఇప్పుడు అభ్యాసం. లోడు తగిలించక ముందే మీటరు చూస్తూ మాడ్యూలు మీది చిన్న మరను తిప్పి 5.0 ఓల్టులకు సరిచేయాలి. మొదటి కొన్ని చుట్లకు అంకె కదలకపోయినా కంగారు పడవద్దు. ఈ వరుస తప్పి నేను ఒక ఫోను ఛార్జింగ్ భాగాన్ని కాల్చుకున్నాను. తరువాత 5 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టరును లోడుగా పెట్టి, మీటరు తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ తీగకు వరుసగా కలపండి. మీటరు 0.5 ఆంపియరు దరిదాపుల్లో చూపాలి. 7805తో ఇదే లోడుకు 1 ఆంపియరు చూపింది. బ్యాటరీలో సగం మాత్రమే వాడుకుందామనుకుంటే, అప్పుడు మూడున్నర గంటలు వచ్చింది, ఇప్పుడు ఆరున్నర గంటలు దాటుతుంది. అంకె 0.7 దాటితే డయోడును, కాయిలును తాకి ఏది ఎక్కువ వేడెక్కుతోందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో కాయిలును ఎంచుకునేటప్పుడు ఆ రాతతోనే మొదలుపెడదాము.