పెరట్లో పక్షిపిల్ల కనిపించిందా? పట్టుకునే ముందు చుట్టూ చూడండి

ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి తొలకరి దాకా మన పెరళ్లలో గూళ్ల సందడి. మామిడిచెట్టు మీద కాకి, మల్లెపందిట్లో పిగిలిపిట్ట (బుల్‌బుల్ అంటే చాలామందికి తెలుస్తుంది), వెంటిలేటర్ సందులో గోరింక. బడి పిల్లలకు సెలవులిచ్చిన రోజుల్లోనే ఈ పిల్లలూ గూళ్లు దిగుతాయి. "నానమ్మా, పిట్టపిల్ల పడిపోయింది!" అని కేక వినిపిస్తుంది, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు.

రెండేళ్ల కిందట మే నెలలో మా ఇంట్లో ఇదే జరిగింది. కరివేపాకు మొక్క కింద బుల్‌బుల్ పిల్ల నోరు తెరిచి రొప్పుతోంది. దాహమేమో అని అమ్మ చెంచాతో నీళ్లు పోసింది, నేను తల పట్టుకున్నాను. అరగంటలో చనిపోయింది. ఆ అరగంటా ప్రహరీ మీద రెండు పెద్ద పిట్టలు అరుస్తూనే ఉన్నాయి. ఒకదాని ముక్కున పచ్చటి పురుగు వేలాడుతోంది. అది మేత అని, ఆ పిల్లకే తెచ్చిందని మాకు తర్వాతే అర్థమైంది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఒంటి నిండా ఈకలున్నాయి, గెంతుతోంది, కానీ ఎగరడం లేదు

పెరట్లో దొరికేవాటిలో ఎక్కువ ఇవే. తోక పొట్టిగా ఉంటుంది, నోటి అంచులు ఇంకా పసుపుగానో లేతగానో కనిపిస్తాయి. ఇది పడిపోలేదు, గూడు వదిలి బయటికి వచ్చింది. బుల్‌బుల్, గోరింక, కాకి పిల్లలు రెక్కలు పూర్తిగా కుదరకముందే గూడు దిగి, కొన్నాళ్లు నేల మీదా పొదల్లోనూ తిరుగుతూ ఎగరడం నేర్చుకుంటాయి. మేత మాత్రం తల్లీ తండ్రీ తెచ్చి పెడుతుంటాయి.

చేయాల్సింది ఒక్కటే, దూరంగా జరగడం. మీరు పక్కనే నిలబడితే మేత తెచ్చిన పిట్ట కిందికి దిగదు. ఇంట్లోకి వెళ్లి కిటికీలోంచి గంటో రెండు గంటలో చూడండి. కుక్కనీ పిల్లినీ లోపల కట్టేయండి. పిల్ల బండ్లు తిరిగే దారిలోనో మండే సిమెంటు గచ్చు మీదో ఉంటే మెల్లగా ఎత్తి, దగ్గర్లోని గుబురు మొక్క నీడలో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదంటారు, అది నిజం కాదు. పిల్ల అరుపును బట్టే తల్లి వెతుక్కుంటూ వస్తుంది.

ఈకలు రాలేదు, కళ్లు మూసుకుని ఉంది

ఇది నిజంగానే పడింది. గాలివానకో, కొమ్మలు కత్తిరిస్తుంటేనో, కాకి గూటి మీదికి వస్తేనో ఇలా జరుగుతుంది. చేతికి చల్లగా తగిలితే ముందు అరచేతుల మధ్య ఉంచి వెచ్చబరచండి. చలికి బిగుసుకున్న పిల్ల నోరు తెరవదు, తల్లి మేత తెచ్చినా తినలేదు. వెచ్చబడ్డాక గూడు అందితే అందులోనే పెట్టేయండి.

గూడు చెదిరిపోతే అడుగున చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ బుట్ట చాలు, వాన పడినా నీళ్లు నిలవవు. లోపల ఎండుగడ్డి పరిచి, పాత గూడున్న కొమ్మకే, ఎండ తగలని చోట గట్టిగా కట్టండి. రెండు గంటలు చూసినా పెద్ద పిట్టలు రాకపోతే అప్పుడు పశువుల డాక్టరుకో, అటవీ శాఖ వాళ్లకో, మీ ఊళ్లో పక్షుల్ని కాపాడేవాళ్లకో ఫోన్ చేయండి.

చీకటి పడ్డాక దొరికితే చెప్పుల అట్టపెట్టె మూతకు చిల్లులు పెట్టి, పాత నూలుగుడ్డ పరిచి, అలికిడి లేని గదిలో ఉంచండి. దూది వద్దు, గోళ్లకు చుట్టుకుంటుంది. తెల్లారగానే దొరికిన చోటికే తీసుకెళ్లండి.

నోరు తెరిచి రొప్పుతోంది

మేం పొరబడింది ఇక్కడే. పక్షులకు చెమట పట్టదు, ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి నోరు తెరిచి రొప్పుతాయి. నాలుక మొదట్లో చిన్న చీలికలా కనిపించేది గాలిగొట్టం. చెంచాతోనో సిరంజితోనో నీళ్లు పోస్తే నేరుగా అందులోకి పోతాయి. పిల్లను నీడలోకి మార్చండి చాలు. పురుగుల్లోని తడే దానికి నీళ్లు. పాలు అసలు పట్టకండి, పక్షులకు అరగవు. పాలలో నానబెట్టిన బ్రెడ్ కూడా అంతే.

పిల్లి నోట్లోంచి విడిపించాం, దెబ్బేమీ కనబడలేదు

కనబడకపోయినా ఉన్నట్టే అనుకోండి. పిల్లి పంటి గాటు సూదిమొనంత ఉంటుంది, ఈకల కింద దాగిపోతుంది. పిల్లి ఉమ్మిలోని బ్యాక్టీరియా రక్తంలోకి వెళితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పసుపు అద్ది వదిలేస్తే సరిపోదు, యాంటీబయాటిక్ కావాలి. మన మాత్రలు విరిచి వేయకుండా అట్టపెట్టెలో పెట్టి అదే రోజు డాక్టరుకు చూపించండి. రెక్క వేలాడుతున్నా, రక్తం కారుతున్నా ఇంతే.

పెరట్లోకి వెళ్తే కాకులు తల మీద తన్నుతున్నాయి

శకునం కాదు, టెన్షన్ పడకండి. దగ్గర్లో ఎక్కడో వాటి పిల్ల కింద ఉంది. కొన్నాళ్లు గొడుగు వేసుకుని వెళ్లండి. కాకి మేత పెడుతున్న పిల్ల ఒంటి మీద తెల్లటి చుక్కలూ, పొడవాటి తోకా ఉంటే అది కాకి గూట్లో పెరిగిన కోయిల పిల్ల. దాన్నీ కాకే సాకుతుంది, మీరు విడదీయాల్సిన పని లేదు.

పగలు గుడ్లగూబ పిల్ల కనిపించినా భయపడి కర్రతో తరమకండి. కాకులకు కనపడకుండా గుబురు కొమ్మ మీద ఉంచితే చీకటి పడ్డాక తల్లిదండ్రులు వస్తాయి.

పెంచుకుందామని పిల్లలు ఏడుస్తున్నారు

రామచిలుకైతే మరీ కష్టం, పిల్లలు వదలరు. కానీ 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెంచడం నేరం. అంతకన్నా ముఖ్యం, మన చేతి మేతకు అలవాటైన పిల్లకు మేత వెతుక్కోవడం, పిల్లిని చూసి పారిపోవడం ఎవరు నేర్పుతారు? పిల్లలకు వేరే పని అప్పజెప్పండి. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తల్లి ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీయమనండి. నిరుడు మా మల్లెపందిరి కింద ఇంకో పిల్ల దిగినప్పుడు మా పాప అదే చేసింది. అమ్మ పెరటి తలుపు గడియ వేసి, ఆ నాలుగు రోజులూ బట్టలు మేడ మీద ఆరేసింది.